పద్దెనిమిది గుంతల ఆటకి మన డి-పట్టాలే దొరికాయా?

కశింకోటలో గోల్ఫు మైదానం లేదు. మరి చెరకు కొట్టుకునే ఊళ్లో గోల్ఫు గురించి ఇన్ని పేజీలు ఎందుకు ఖర్చు పెడుతున్నారని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. మా జవాబు ఒక్కటే. భూమి పోయాక రాసే రాతలు మర్సియాలు అవుతాయి గానీ కరపత్రాలు కావు. పోకముందే రాయాలి, పోకముందే చదవాలి. విశాఖపట్నం హైవే పొడుగునా మన వైపు నడిచి వస్తోంది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా అయింది. జిల్లా అయితే భూముల ధర పెరుగుతుంది. ధర పెరిగితే ముందుగా కనబడేది ఎవరి భూమి? దస్తావేజులు గట్టిగా ఉన్న ఆసామి భూమి కాదు. డి-పట్టా కాగితం ఇనప్పెట్టెలో దాచుకున్న మాలపేట, మాదిగపేట, రెల్లివీధి జనం భూమి.

ఈ ఆట మనలో చాలామంది చూసి ఉండరు. అదేటో ముందు చెప్పుకుందాం. చిన్న గట్టి బంతి. దాన్ని కర్రతో కొట్టుకుంటూ పోయి నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న గుంతలో వెయ్యాలి. అలాంటి గుంతలు పద్దెనిమిది. ‘ఛాంపియన్‌షిప్ కోర్సు’ అని బోర్డు పెట్టాలంటే ఆ పద్దెనిమిది గుంతల దారి సుమారు 7,000 గజాలుండాలి. అంటే నాలుగు మైళ్లు. ఆ దారికి అటూ ఇటూ పచ్చిక, మధ్యలో నీటి గుంటలు, ఇసక దిబ్బలు, చుట్టూ ప్రహరీ. మొత్తం మీద 120 నుంచి 200 ఎకరాలు కావాలి. గుంతకి నలుగురు చొప్పున లెక్కేసినా ఒక్కసారి ఆడేవాళ్లు 72 మంది. మన పేటల్లో డి-పట్టా అంటే ఎకరం, అరెకరం. 150 ఎకరాలంటే 150 నుంచి 300 కుటుంబాల నోటికాడ కూడు.

ఇది ఏదో దూరదేశపు కథ అనుకోకండి. విశాఖలో ముడసర్లోవ జలాశయం దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు ఉంది. దేశంలోని వృత్తి ఆటగాళ్లు అక్కడ పోటీలాడతారు. హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిల్లా లోపల ఒక మైదానం ఉంది. అన్నిటికంటే పెద్ద పాఠం మాత్రం గచ్చిబౌలి, మణికొండ పక్కనున్న బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ అండ్ కంట్రీ క్లబ్బు. ఆ పాఠం మన జనం వివరంగా తెలుసుకోవాలి.

535 ఎకరాల కథ

2002-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఏపీఐఐసీ ద్వారా దుబాయి ఎమ్మార్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. సమావేశ మందిరం, హోటలు, విల్లాల పేట, గోల్ఫు మైదానం కడతామన్నారు. మొత్తం 535 ఎకరాలు. అందులో 235 ఎకరాలు గోల్ఫుకి లీజు. విల్లాల భూమికి ఎకరా 29 లక్షలు కట్టారు. 29 లక్షలంటే మనకి కళ్లు తిరుగుతాయి. కానీ గజాల్లో లెక్కెయ్యండి. ఎకరానికి 4,840 గజాలు. గజం 600 రూపాయలు కూడా పూర్తిగా పడలేదు. ఆ తర్వాత అదే చోట విల్లా ప్లాట్లని రికార్డుల్లో గజం 5,000కి అమ్మినట్టు చూపించి, బయట అంతకి ఎన్నో రెట్లు వసూలు చేశారని సీబీఐ ఆరోపించింది. ప్రజల తరఫున ఏపీఐఐసీకి ఉన్న వాటా కూడా కరిగిపోయిందని ఆరోపించింది. 2011 ఆగస్టులో హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2012లో ఛార్జిషీటు పడింది, పెద్ద అధికార్లు అరెస్టయ్యారు.

ఎవరు దోషి, ఎవరు కాదు అన్నది కోర్టులు తేల్చే పని. మేం అడిగేది వేరే. ఒక్క పైసా లంచం చేతులు మారలేదనే అనుకుందాం. అయినా 235 ఎకరాల ప్రజల భూమిని బంతాటకి ఇవ్వడం న్యాయమేనా? మణికొండలో 1,654 ఎకరాలు దర్గా వక్ఫువా, ప్రభుత్వానివా అని ఏళ్ల తరబడి తగాదా నడిచింది. 2022 ఫిబ్రవరి 7న అవి ప్రభుత్వ భూములేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ భూమి అంటే ఎవరిది? ప్రభుత్వం అనే మనిషి ఒకడు లేడు కదా. అది భూమి లేనివాళ్లకి దక్కవలసిన భూమి.

మన జనం వెళ్లి తాసిల్దారుని రెండెకరాలు అడిగితే వచ్చే సమాధానం అందరికీ తెలుసు: ‘మండలంలో పంచడానికి భూమి లేదు’. రిసార్టువాడు అడిగితే అదే రికార్డులోంచి వందల ఎకరాలు పుట్టుకొస్తాయి. పంచడానికి లేని భూమి అమ్మడానికి ఎక్కణ్నించి వస్తోంది?

భూమి తమదని నిలబడ్డ దళితులకి ఏం జరిగిందో ఉత్తరాంధ్ర మరిచిపోలేదు. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేట. మద్దువలస ప్రాజెక్టు కోసం సేకరించి, మునక్కుండా మిగిలిన భూమిని దళితులు దున్నుకుంటున్నారు. 2012 జూన్ 12న ఐదుగురిని నరికి చంపారు. అది కూడా ప్రభుత్వ భూమే. అక్కడ మనవాళ్లు అడిగింది గోల్ఫు ఆడుకోవడానికి కాదు, గింజలు పండించుకోవడానికి.

పేదవాడికి పేదవాడి భూమే

ఇంకా దగ్గరకి వద్దాం. 2020 జనవరిలో ప్రభుత్వం జీవో 72 ఇచ్చింది. అప్పటి విశాఖ జిల్లాలో 6,116 ఎకరాలు సమీకరించాలని అందులో ఉంది. సబ్బవరం, అనకాపల్లి, పెందుర్తి, పరవాడ మండలాలు ఆ జాబితాలో ఉన్నాయి. అవి ఏ భూములు? అసైన్డు భూములు, ఏళ్ల తరబడి పేదలు సాగు చేసుకుంటున్న బంజర్లు. డి-పట్టా ఉన్నవాడికి ఎకరం తీసుకుని 900 గజాల ప్లాటు ఇస్తామన్నారు. ఏ పనికని? పేదలకి ఇళ్ల స్థలాలివ్వడానికి. ఇళ్ల స్థలాలు కావాలి, మేం కాదనం. కానీ ఒక పేదవాడికి సెంటో, సెంటున్నరో ఇవ్వడానికి ఇంకో పేదవాడి పొలం తప్ప వేరే భూమే కనబడలేదా? పేదల ఇళ్లకి కావలసొచ్చినప్పుడు పేదల పొలమే తీస్తారు. షాహుకార్ల ఆటకి కావలసొచ్చినప్పుడూ పేదల పొలమే చూస్తారు. రెండు వైపులా కోసే కత్తి ఇది.

1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి ఎవరూ కొనకూడదు. కొన్నా చెల్లదు. తిరిగి మనకే అప్పజెప్పాలి. ఆ చట్టం ఊళ్లలో ఎంత అమలైందో మీకే తెలుసు. 2023లో సవరణ చేసి, పట్టా ఇచ్చి ఇరవయ్యేళ్లు దాటితే పూర్తి హక్కు అన్నారు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అంది. హక్కు రావడం మంచిదే. మన భూమికి మిగతావాళ్ల భూమికున్న విలువ రావాలని మనమే కొట్లాడేం. కాకపోతే అమ్ముకునే హక్కు వాకిట్లోకి రాగానే కొనేవాడు పెరట్లోంచి వచ్చేస్తాడు. కూతురి పెళ్లి, ఆస్పత్రి ఖర్చు, ఫీజులు — ఈ మూడిట్లో ఏదో ఒకటి ఎదురయ్యే రోజు కోసం బ్రోకరు కాసుకుని కూచుంటాడు. ఎకరం ఎకరంగా కొని, నాలుగేళ్లలో కంచె వేసి, ఆ కంచెకి ‘రిసార్టు’ అని పేరు పెడతాడు.

ఏ గేటులోంచి పోవాలి?

ఆట మీద మాకు కోపం లేదు. మన పిల్లలు ఏ ఆటైనా ఆడగలరు. పల్వంకర్ బాలూ చర్మకార కులస్థుడు. పుణేలో తెల్లదొరల క్లబ్బులో మైదానం చదును చేసే కూలీగా ఉంటూ దొరలకి బంతులు వేసి నేర్చుకున్నాడు. 1911లో ఇంగ్లండు వెళ్లి నూరు పైచిలుకు వికెట్లు తీశాడు. ఆయన బంతి అందరికీ కావాలి. కానీ టీ మాత్రం మైదానం బయట విడిగా మట్టి ముంతలో పోసేవారు. గోల్ఫులో అలీ షేర్ సంగతి చూడండి. ఢిల్లీలో ఇంకొకరి కర్రల సంచి మోసిన క్యాడీ. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొట్టమొదటి భారతీయ వృత్తి ఆటగాడు అతనే. సంచి మోసినవాడికి ఆట రాదని ఎవడన్నాడు? రానిది ఆట కాదు, లోపలికి రానివ్వడమే.

ఆ లోపలికి రానివ్వడం ఎలా ఉంటుందో 2017 జూన్‌లో దేశమంతా చూసింది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఒక కుటుంబంతో పాటు అతిథిగా భోజనానికి వచ్చిన మేఘాలయ ఖాసీ మహిళని లేచి పొమ్మన్నారు. ఆమె తన జాతి బట్ట కట్టుకుంది. ఆ బట్టలో పనిమనిషిలా ఉందట. అదీ నేరం. పల్లెలో పెద్ద వీధిలో చెప్పులు చేత్తో పట్టుకు నడవమన్న చూపుకీ ఈ చూపుకీ తేడా ఏటి? ఊరి కట్టుబాటు ఇంగ్లీషు నేర్చుకుని క్లబ్బు నిబంధన అయింది. ‘మీ కులం’ అనే మాట నోటితో అనక్కర్లేదు. సభ్యత్వం ఫీజు, బట్ట, భాష — ఈ మూడు జల్లెళ్లు వేస్తే చాలు, మనవాళ్లంతా కిందికి జారిపోతారు. మిగిలిన దారి ఒక్కటే, వెనక గేటు. గడ్డి కోయడానికి, మరుగుదొడ్లు కడగడానికి, సంచులు మోయడానికి.

శారదా నది ఎవరిది?

ఇక నీళ్ల లెక్క. ఇది మనం మన పొలం లెక్కతోనే వేసుకోవచ్చు. ఒక ఎకరానికి ఒక అంగుళం నీరు పెట్టాలంటే లక్ష లీటర్లు పైమాటే. వంద ఎకరాల పచ్చికకి కోటి లీటర్లు దాటుతుంది. మన ఎండాకాలంలో గడ్డి పచ్చగా నిలవాలంటే వారానికి ఒక అంగుళం పెద్ద ఎక్కువేం కాదు. జలజీవన్ మిషన్ లెక్కలో పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లు. వారానికి కోటి లీటర్లంటే సుమారు 26 వేల మంది తాగి, వండుకుని, స్నానం చేసే నీళ్లు. 72 మంది ఆట కోసం.

చెరకు మాత్రం నీళ్లు తాగదా అని ఎదురడుగుతారు. తాగుతుంది, బాగా తాగుతుంది. అయితే ఆ నీరు ఎక్కడికి పోతుందో చూడండి. నరికేవాళ్లకి కూలీ అవుతుంది, మోసే బండికి కిరాయి అవుతుంది, గానుగ దగ్గర పాకం కాచేవాడికి బత్తెం అవుతుంది, అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు దించే కళాసీకి ఇంటి ఖర్చు అవుతుంది. పచ్చికకి పోసిన నీరు పచ్చికే అవుతుంది. గోవు కూడా లోపలికి పోయి మేయకూడదు.

మురుగునీరు శుభ్రం చేసి వాడతాం, మీ నీళ్లు ముట్టం అంటారు. అలా వాడే మైదానాలు ఉన్నాయి. సంతోషం. ఆ మాట ఒప్పందంలో రాయమనండి. ఎన్ని బోర్లు, ఎంత లోతు, ఎన్ని లీటర్లు అన్నది పంచాయతీ గోడమీద పెయింటుతో రాయమనండి. ఇంకొకటి. ఆ గడ్డికి కలుపు మందు, తెగులు మందు, ఎరువు కొడతారు. వాన పడితే అది గెడ్డలోకి, గెడ్డలోంచి శారదలోకి దిగుతుంది. మందు కొట్టేవాడు మనవాడే, కింద ఊళ్లో ఆ నీళ్లు తాగేది కూడా మనవాళ్లే.

మన కుర్రోళ్ల మాట

మన పేటల్లోనే కొందరు కుర్రోళ్లు అంటున్నారు: ‘ఎకరం చెరకేసి ఏటి మిగిల్చేం? తుమ్మపాల ఫ్యాక్టరీ మూతపడింది. బెల్లం ధర మన చేతిలో లేదు. రిసార్టు వస్తే నెల జీతం వస్తది గదా.’ ఈ మాటని మేం కొట్టిపారెయ్యం. పొలం మీద విరక్తి కుర్రోళ్ల తప్పు కాదు. గిట్టుబాటు ధర ఇవ్వని పాలకుల తప్పు. కానీ తమ్ముళ్లారా, ఒక లెక్క వెయ్యండి. భూమి ఉన్నవాడు ఉద్యోగం కూడా చెయ్యొచ్చు. భూమి పోయినవాడు ఉద్యోగం మాత్రమే చెయ్యాలి. ఎకరం ఉన్నవాడు ఆసామి తక్కువ కూలీ ఇస్తానంటే ‘రాను’ అనగలడు. మన తాతలకి అనడం రాలేదు, ఎందుకంటే కంబారితనం తప్ప ఇంకో దారి లేదు. ఆ ‘రాను’ అనే మాట ఖరీదే మన డి-పట్టా. దానికి గజాల్లో రేటు కట్టలేం.

పైగా ఆ ఉద్యోగం ఎవరి దగ్గర? రిసార్టు దగ్గర కాదు, కాంట్రాక్టరు దగ్గర. కాంట్రాక్టరు మారితే పని పోతుంది. భూమి ఇచ్చినవాడికి పర్మనెంటు ఉద్యోగం అని నోటితో చెప్పేవాళ్లని, అదే మాట స్టాంపు కాగితం మీద రాయమనండి. కలం ఎంత నెమ్మదిగా కదుల్తుందో చూడండి.

చట్టంలో ఏముంది?

సంఘం పనిచేసే కార్యకర్తలు ఈ ముక్కలు కంఠతా పట్టాలి.

2013 భూసేకరణ చట్టం ప్రైవేటు హోటళ్లని ప్రజాప్రయోజనం లెక్కలోంచి తీసేసింది. కానీ అదే చట్టంలో క్రీడలు, పర్యాటకం ప్రజాప్రయోజనాలే అని రాసి ఉంది. గోల్ఫు రిసార్టు ఈ సందులోంచే దూరుతుంది. హోటలు అనరు, క్రీడ అంటారు, పర్యాటకం అంటారు. 2024 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. దారి మరింత సాపయింది. 2018లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకి సామాజిక ప్రభావ అంచనా లేకుండానే ముందుకి పోయే వీలు కూడా ఉంది.

మన చేతిలో ఉన్నవేటి? ఆ చట్టం కింద అసైన్డు పట్టాదారు కూడా భూయజమానే. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారు, వ్యవసాయ కూలీ కూడా బాధిత కుటుంబమే. ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే బాధిత కుటుంబాల్లో నూటికి 80 మంది, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే నూటికి 70 మంది ఒప్పుకోవాలి. ఇక 2004లో చేవెళ్ల భూసేకరణ అధికారి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డు భూమి వెనక్కి తీసుకుంటే పూర్తి హక్కున్న పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. ‘అది గవర్నమెంటు భూమేరా, ఏదో దయతలిచి ఇస్తున్నాం’ అని ఎవరైనా అంటే ఈ తీర్పు పేరు చెప్పండి. దయ కాదు, బాకీ.

జనం కదిలిన చోట

ఇంత పెద్దవాళ్లతో మనం గెలుస్తామా అని సందేహం రావొచ్చు. మెక్సికో దేశంలో తెపోస్త్‌లాన్ అని ఒక ఊరుంది. 1995లో గోల్ఫు మైదానం, క్లబ్బు, విల్లాలు కడతామని కంపెనీ దిగింది. ఊరి పెద్దలు లోపాయికారీగా ఒప్పుకున్నారు. జనం ఆ పెద్దల్ని దించేశారు, దారులకి అడ్డంగా రాళ్లు పేర్చి కూచున్నారు. 1996 ఏప్రిల్ 10న, వాళ్ల రైతు నాయకుడు జపాటా వర్ధంతినాడు ఊరేగింపుగా పోతున్నవాళ్ల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఒక మనిషి ప్రాణం పోయింది. కంపెనీ ప్రాజెక్టు మానుకుని పోయింది. ఆ ఊరివాళ్లు గెలిచింది వ్యాసాలు రాసి కాదు. ఎవరూ విడిగా సంతకం పెట్టకపోవడం వల్ల, అందరూ ఒక్క చోట కూచోవడం వల్ల.

అందుకే మన కశింకోట మండలం పేటలన్నిటికీ మేం చెప్పేది ఇది:

1. ప్రతి పేటలో డి-పట్టాల జాబితా మనమే రాసుకుందాం. సర్వే నెంబరు, విస్తీర్ణం, ఎవరి పేరు, ఇప్పుడు ఎవరి సాగు. అడంగల్‌లో పేరు తప్పిపోతే ఇప్పుడే అర్జీ పెడదాం. భూమి పోయేటప్పుడు వెతికితే కాగితం దొరకదు.

2. పట్టా ఆడవాళ్ల పేర ఉన్న చోట ఆమె లేకుండా, ఆమెకి చదివి వినిపించకుండా ఏ సంతకమూ వద్దు.

3. రిసార్టు, క్లబ్బు, విల్లాల పేరుతో ఎవరొచ్చినా గ్రామసభలో మాట్లాడాలి. హోటలు గదిలో, బ్రోకరు కారులో మాట్లాడినవాడు మన తరఫున మాట్లాడినట్టు కాదు.

4. ప్రభుత్వ భూమి ఏ కంపెనీకైనా ఇచ్చే ముందు ఆ మండలంలో భూమిలేని దళిత కుటుంబాల లెక్క బయటపెట్టాలి. వాళ్లకి పంచగా మిగిల్తేనే లీజు మాట.

5. భూమి మీద, నీళ్ల మీద కుదిరే ప్రతి ఒప్పందం తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండాలి.

ఈ అయిదూ రాబోయే గ్రామసభలో తీర్మానంగా పెట్టండి. సర్పంచి చదవనంటే మన పిల్లల చేత చదివించండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించేదాకా లేవొద్దు. ఎక్కించిన పేజీ నకలు అడిగి తీసుకుని పట్టా కాగితంతో కలిపి దాచండి. ఆ రెండు కాగితాలూ కలిసి ఉన్నంతకాలం మన పొలంలో గుంత తవ్వాలంటే ముందు మనల్ని అడగాల్సిందే.